చావులేని దీవి

దుప్పటికి రెండు కొసలు లెస్టర్ పింకోట్ చేతిలో, రెండు ఐలీన్ చేతిలో. విదిలించి, దగ్గరికి నడిచి, మడత కలిపి, మళ్ళీ వెనక్కి. వయాలా ఊళ్ళో, ఆసుపత్రి బట్టలుతికే షెడ్డులో పొద్దుట్నించీ ఇదే పని. అరవై రెండేళ్ళ లెస్టర్ మొహం ఆవిరికి కందిపోయి ఉంటుంది. అరచేతులు ఉడికిన బంగాళాదుంప తొక్కలా ముడతలు పడ్డాయి.

"ఏమయ్యా, మీ దీవిలో ఇవాళ వానా ఎండా?" అంది ఐలీన్. ముప్ఫై ఏళ్ళుగా రోజూ అడుగుతుంది.

"గాలి. పడవలు దింపలేదు."

"సోమరిపోతులు."

వెనకటికి రోమ్ ఓడొకటి దారి తప్పి, దక్షిణ సముద్రంలో ఒక రాతి దీవికి కొట్టుకొచ్చిందని లెస్టర్ ఊహ. ఆ నావికుల లాటిన్ మాటలు రెండువేల ఏళ్ళు ఉప్పుగాలికి అరిగితే ఎలా మారతాయో, అలా ఒక్కొక్కటే తన గదిలో కూర్చుని అరగదీశాడు. ఎలా అరగాలో నియమాలు తనే పెట్టుకున్నాడు, ఒక్క మాటకీ సడలించలేదు. నాలుగువేల మాటలు, అట్టముక్కల మీద. ఊళ్ళో పిచ్చివాడన్నారు. గుర్రప్పందేల్లో జీతం తగలేసేవాణ్ణి మాత్రం ఎవరూ అలా అనరు!

ఇలా భాషలల్లే పదమూడుమందికి ఏడాదికోసారి ఒక ఆట ఉంది. చిన్న కథ చేతులు మారుతుంది. వచ్చినదాన్ని తన భాషలోకి తిప్పి, మాటలకి అర్థాలు జతచేసి, రెండు రోజుల్లో తరవాతివాళ్ళకి పంపాలి. ఆలస్యమైతే గొలుసు అక్కడే తెగుతుంది. లెస్టర్ గడువు ఇవాళ సాయంత్రం అయిదు. మెల్‌బోర్న్ ట్రామ్ డ్రైవర్ పంపిన కథ ఇంతే: ఒకామె తమ్ముడి సమాధి మీద చెట్టు నాటింది.

చెట్టు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. రాత్రి అట్టముక్కలన్నీ వెతికాడు. గాలికి నలభై ఒక్క పేర్లున్నాయి, తడిసిన తాడుకి ఏడున్నాయి. సమాధికి మాట లేదు, శవానికీ లేదు. భార్య నోలా చనిపోయిన చలికాలంలో ఈ దీవిని మొదలుపెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అక్కడ ఎవర్నీ చావనివ్వలేదు.

"మట్టి లేనిచోట చచ్చినవాళ్ళని ఏంచేస్తారు ఐలీన్?"

"సముద్రంలో పడెయ్."

"ఆ చేపలే తింటారు వాళ్ళు."

"అబ్బో, ఎంచక్కా. పోనీ నోలాకి నువ్వేం చేశావో అదే చేయించు."

"నేనేం చేశాను? పాతిపెట్టి, మర్నాడు పనికొచ్చాను."

ఐలీన్ దుప్పటి లాగకుండా నిలబడింది. "ఆ వారమంతా ఒక్కడివే మడిచావు. రెండో కొస పట్టుకోబోతే నామీద అరిచావు. మర్చిపోయావా?"

లెస్టర్ టీ విరామంలో టీ తాగలేదు, పెన్సిలుతో రాశాడు. ఆ దీవిలో ఎవరైనా పోతే, వాళ్ళతో జతగా తెడ్డేసినవాళ్ళు ఒంటరిగా దీవి చుట్టూ పడవ నడుపుతారు. రెండో తెడ్డు ఎవరూ ముట్టరు. మాటల్ని నియమం ప్రకారమే అరగదీశాడు. నాలుగూ నలభైకి ఫోన్‌లో పంపేశాడు.

"చివరికి ఎవర్ని చంపావు?" ఐలీన్ అడిగింది.

"నోలాని," అన్నాడు. ఆ పేరు ఆమె ముందు ఎత్తి చాలా ఏళ్ళయింది. "రేపు అక్కడ ఎండ కాస్తుంది."

మర్నాడు పనికి రాలేదు. నిద్రలోనే పోయాడని పక్కింటాయన ఫోన్ చేశాడు.

బట్టలు మిషన్లో వేసేముందు జేబులన్నీ తడమాలి. సిరా పెన్ను ఒక్కటున్నా దుప్పట్లన్నీ పాడవుతాయి. దొరికినవి పడెయ్యడానికి గోడ దగ్గర డబ్బా ఉంది. లెస్టర్ ఏప్రాన్ జేబులో ఐలీన్‌కి ఒక పెన్సిలు దొరికింది. డబ్బాలో వెయ్యలేదు, కిటికీ గట్టు మీద పెట్టింది. వేలి కణుపంత ముక్క, చివర పంటిగాట్లు, మొన మాత్రం కొత్తగా చెక్కి ఉంది.