ఎప్పట్నించి?

ఆమె కాలేజీలో తర్కశాస్త్రం చెబుతుంది. దేవుడు లేడని సభల్లో మాట్లాడటానికి ఎంత దూరమైనా వెళుతుంది. క్రీస్తు మాట వస్తే మరీను, గొంతు కత్తిలా లేస్తుంది. "పాస్టరుగారి చిన్నమ్మాయే ఇలా అంటే ఇంకేం చెప్తాం!" అని జనం నవ్వుకునేవారు.

ఆ పాస్టరుగారికి ఇప్పుడు మతిమరుపు. చర్చి వెనక గదిలో పెద్దకూతురు చూసుకుంటోంది. ఆమె ఏదో పని మీద వెళ్తూ, "ఒక్క పూట నాన్న దగ్గరుండవే, నీ సిద్ధాంతాలేం అరిగిపోవులే," అంది. చెల్లెలు కాదనలేకపోయింది.

తీరా వెళితే గదిలో ఆయన లేడు. ఖాళీ చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రంగుటద్దాల్లోంచి దిగిన ఎండ నేల మీద నీళ్ళలా కదులుతోంది. ఆయన తెల్లజుట్టు కాసేపు నీలం, కాసేపు ఎరుపు. నీటి అడుగున నడుస్తున్నట్టు ఆయన దగ్గరికి వెళ్ళింది.

"రా తల్లీ, ప్రార్థన కోసం వచ్చావా?"

కూతుర్ని గుర్తుపట్టలేదు.

"లేదండీ. నేను దేవుణ్ణి నమ్మను." నాన్నని 'అండీ' అనడం కలలో మాటలా ఉంది.

"ఎప్పట్నించి?"

అందరూ ఎందుకనే అడిగేవారు. దానికి గంటసేపు చెప్పగలదు. దీనికి మాత్రం జవాబు దానంతటదే వచ్చేసింది. "మా అమ్మ పోయినప్పట్నించి. అమ్మ ఆఖరి ఊపిరి తీస్తుంటే మా నాన్న ఎవరింటికో ప్రార్థనకి వెళ్ళాడు. దేవుడి పనన్నాడు. చిన్నపిల్లని, నేనే అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను."

ఆయన నేల మీద కదులుతున్న ఎండకేసి చూశాడు.

"దేవుడి పని కాదమ్మా అది. భయం. ఆవిడ పోవడం చూడలేక పారిపోయాడు."

"మీకెలా తెలుసు?"

"ఏమో. తెలుసు. ఆయన్ని తిట్టు తల్లీ, తిట్టాల్సిందే. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలా?"

"దేవుణ్ణి దుత్తని చేసేశారేంటండీ!" నవ్వబోయి ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకుని అడిగింది: "ఆ కోపం పోయాక కూడా నమ్మకం రాకపోతే?"

"రాకపోతే రాదు. అప్పుడది నీ సొంత మాట."

నమ్మకం రానే లేదు. తర్వాత చాలాసార్లు తనలో వెతికి చూసుకుంది. కానీ సభల్లో ఎవరైనా అడిగితే ముందు అమ్మ పోయిన రోజు సంగతి చెప్పి, ఆ తర్వాతే తర్కంలోకి దిగుతోంది.

ఆ సాయంత్రం ఎండ వెళ్ళిపోయేదాకా ఆయన భుజానికి తల ఆనించుకుంది. ఆయన కునికిపాట్లు పడుతూ ఎవరి కోసమో ప్రార్థన గొణుగుతున్నాడు. ఆమె ఆపలేదు.