కాపలా మారని సిపాయి

మా ఊళ్ళో జనాభా లెక్కల రోజున ఎవరూ గడప దాటరు. కర్రపెండలం ఉడకేసుకుని, ఆకు నానేసిన చల్లటి తెరెరె నీళ్ళు గొట్టంతో పీల్చుకుంటూ, బడిపంతులు వచ్చి రాసుకుపోయేదాకా ఇంట్లోనే కూర్చుంటారు. పంతులు పేరు పిలవాలి, మనిషి పలకాలి, అప్పుడే రాసుకోవాలి. అదీ పద్ధతి. ఎమెరెన్సియా ఇంట్లో మాత్రం ఆమె తండ్రి పేరు, "క్రిస్పులో ఒవెలార్" అని పిలిస్తే వంటింట్లోంచి "హాజర్" అని మగగొంతు వచ్చేది. లోపలికెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. ఉంటే ఏం, లేకపోతే ఏం, పలికాడు కదా! ఐదు లెక్కల్లోనూ ఆయన్ని రాసేశారు. ఐదోసారి రాసిన పంతులమ్మ ఎవరో కాదు, ఆయన మనవరాలు నిమియాయే.

క్రిస్పులో నీళ్ళు దొరకని చాకో అడవుల్లో జరిగిన యుద్ధానికి వెళ్ళేనాటికి ఎమెరెన్సియా ఇంకా తల్లి కడుపులోనే ఉంది. యుద్ధం అయిపోయింది, మనిషి రాలేదు, గొంతు వచ్చింది. తల్లి దానికే పొంగిపోయి లెక్కలో రాయించింది. అదే కొంప ముంచింది. సైన్యం వాళ్ళు ఆ లెక్క తిరగేసి, మనిషి ఇంట్లో నిక్షేపంలా ఉన్నాడనుకున్నారు. దళంలోకి మాత్రం తిరిగి రాలేదాయె. "పారిపోయాడు" అని రాసి చేతులు దులుపుకున్నారు.

ఆ ఒక్క మాట ఎమెరెన్సియా బతుకంతా నమిలేసింది. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. పెళ్ళి చేసుకుంటానన్నవాడు నిమియా కడుపున పడ్డాక, పారిపోయినవాడి కూతురితో కాపురమేంటని తనే పారిపోయాడు. సిగ్గులేనివాడు! ఇప్పుడు అరవై ఏళ్ళకి ఊరి మధ్య యుద్ధవీరుల శిల నిలబెడుతున్నారు. పారిపోయాడన్న మాట కొట్టేస్తే గాని క్రిస్పులో పేరు దానిమీదికి ఎక్కదు. శనివారం మధ్యాహ్నం పన్నెండు దాటితే పేర్లు చెక్కే మేస్త్రీ సామాను సర్దుకుపోతాడు. మళ్ళీ రాడు.

అందుకే గురువారమే తల్లీకూతుళ్ళు రాజధానికి వెళ్ళి సైన్యం పాత కాగితాల ఆఫీసులో కూర్చున్నారు. అక్కడి పెద్ద రొలోన్ అనే రిటైరైన కెప్టెన్. చెడ్డవాడేం కాదు, కాగితం చెప్పిందే నమ్ముతాడు, అంతే. ఐదో జనాభా లెక్క తెచ్చి నిమియా ముందు పెట్టి, ఈ చేతిరాత నీదేగా అన్నాడు. అవును, నిమియాదే. తాత పలికితే మురిసిపోతూ తనే రాసింది మరి.

శుక్రవారం పన్నెండున్నరకి, అంటే ఆఫీసు మూసెయ్యడానికి అరగంట ముందు, ఓ కట్టలోంచి చిన్న చీటీ జారింది. కాపలా చీటీ. బావి దగ్గర ఒవెలార్, ఆరు నుంచి పది వరకు. ఆ పక్కన, తర్వాత వచ్చేవాడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. దళం ఏ పూట కదిలిందో ఇంకో కాగితంలో ఉంది. అదే పూట ఎనిమిదింటికి. బావి దగ్గరున్న మనిషిని పిలవడం మర్చిపోయి వెళ్ళిపోయారు.

ఖాళీ గడి సాక్ష్యం కాదన్నాడు కెప్టెన్. వాళ్ళు వెళ్ళాక ఈయనా వెళ్ళిపోయి ఉండొచ్చుగా అన్నాడు. ఎమెరెన్సియా అప్పుడు లేచింది.

"ఆ చీటీ చూసి పిలవండి కెప్టెన్ గారూ. మీరు పిలిస్తే ఎక్కడున్నాడో చెప్తాడు."

కెప్టెన్ చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. "బావి కాపలా, ఒవెలార్!"

"హాజర్." బీరువాల వెనకనుంచి వచ్చింది గొంతు. ఇంట్లో ఎప్పుడూ విననంతగా ఎండిపోయి ఉంది. "బావి దగ్గరే ఉన్నానండీ."

నిమియా తల్లి చెయ్యి పట్టుకుంది. కెప్టెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నీ కాపలా అయిపోయింది, ఇక వెళ్ళు అన్నాడు.

"నా తర్వాత ఎవరండీ?"

కెప్టెన్ చీటీలోని ఖాళీ గడి వంక చూశాడు. తర్వాత వచ్చేవాడి పేరు చెప్పకుండా సిపాయిని కాపలానుంచి దింపకూడదు. దొంగపేరు రాయడానికి ఆయనకి చెయ్యి రాదు. గోడ గడియారంలో పది నిమిషాలే ఉన్నాయి. గడి నిండితే గాని పారిపోయాడన్న మాట కొట్టెయ్యలేనని ఆడవాళ్ళిద్దరికీ మెల్లిగా చెప్పాడు.

"నేను. ఎమెరెన్సియా ఒవెలార్," అంది ఆమె.

"రాస్తే ఊరికే పోదమ్మా. వెళ్ళి నిలబడాలి."

"రాయండి."

ఆయన రాశాడు. బీరువాల వెనకనుంచి గొంతు అప్పగింతలు చెప్పింది. "శత్రువు లేడు. నీళ్ళు లేవు. తెచ్చుకో తల్లీ." ఆ తర్వాత కెప్టెన్ రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఆయన పాత మాట కొట్టేసి, కాపలా పూర్తిచేసి దిగాడని రాసి, ముద్ర వేసి నిమియా చేతిలో పెట్టాడు.

బస్టాండులో ఎమెరెన్సియా రెండు పెద్ద డబ్బాల్లో నీళ్ళు పట్టి, చాకో వెళ్ళే బస్సు దగ్గర పెట్టింది. నిమియా ఏడ్చింది, బతిమాలింది, చివరికి తిట్టింది కూడా. కాగితం వచ్చేసింది కదా, ఇంకెవరు చూడొచ్చారు, ఇంటికి పోదాం పద అంది.

"తాత పారిపోలేదే పిచ్చిదానా. అయినా అరవై ఏళ్ళు పారిపోయినవాడి కూతురిననిపించుకున్నాను. పేరు రాయించుకుని ఇప్పుడు నేను వెళ్ళకపోతే, ఆయన నిజంగానే పారిపోయినదాని తండ్రవుతాడు. నువ్వు మేస్త్రీని పట్టుకో, ఫో."

డబ్బాలు ఎక్కించడానికి కండక్టరు ఓ చెయ్యి వేశాడు. ఎమెరెన్సియా కిటికీ పక్కన కూర్చుని శాలువా తలమీదికి లాక్కుంది. ఊరి బస్సు అవతలి వరసలో హారన్ కొడుతోంది. నిమియా కాగితాన్ని గుండెలకి అదుముకుని అటు పరిగెత్తింది.