అద్దానికి వాసెన

గాలి ఈల వేస్తోంది.

సన్నగా... సూదిమొనలా.

తెల్ల అంబాసిడర్ ఔటర్ రింగురోడ్డు ఎక్కి కాస్త వేగం అందుకుంటే చాలు, ఎడమ తలుపు అద్దం అంచున మొదలవుతుంది. సందు దొరికిన పిల్లిలా దూరుతుంది. దూరి, నేరుగా జయలక్ష్మి చెవిలోని వినికిడి మిషనులోకి పోతుంది.

అక్కడది ఈల కాదు. కేక.

ఆవిడ మిషను తీసి కళ్ళజోడు పెట్టెలో పెట్టేస్తుంది.

ఇక ఏమీ వినబడదు. ఈల కూడా, పక్కన కారు నడిపే మొగుడు పట్టాభిరామయ్య కూడా.

ఈ కారులోనే కదా వాళ్ళు మాట్లాడుకున్నది. ఇంట్లో పనులుంటాయి, వచ్చేపోయే జనముంటారు. మాటలు మాత్రం ఈ ముందు సీటులోనే. లెక్కల టీచరుగా ఆవిడ బడిలో పడ్డ చికాకులు, నీటిపారుదల ఆఫీసులో పట్టాభిరామయ్య మింగిన మాటలు, పిల్లకు పెట్టాల్సిన పేరు — అన్నీ ఇక్కడే తేలాయి.

ఇప్పుడు బాచుపల్లిలో ఎక్కితే దిగేదాకా మౌనం.

అది ఆయనకు పడటం లేదు.

పుప్పాలగూడలో మెకానిక్ వెంకటనారాయణ షెడ్డుకు వచ్చారు ఇద్దరూ. చుట్టూ మబ్బు తగిలే ఆఫీసులు. వేల అద్దాలు... ఒక్కటీ కిందికి దిగదు. వాటి నడుమ ఈ ఒక్క అద్దం, పిడి తిప్పితే దిగుతుంది, ఎక్కుతుంది, కులుకుతుంది.

పట్టాభిరామయ్య అప్పటికే ఒక ఘనకార్యం చేసి వచ్చాడు. లావుపాటి రబ్బరు తెచ్చి తలుపు చుట్టూ తానే అతికించాడు. తలుపు పడాలంటే భుజంతో గుద్దాలి. ఈల పోలేదు. మూల మారింది, అంతే.

"సారూ, గిది డోరా, జైలు గేటా?" అన్నాడు వెంకటనారాయణ.

రబ్బరు పీకేసి సన్నది వేశాడు. తలుపు లోపలి అట్ట విప్పాడు. అద్దాన్ని పట్టుకున్న బోల్టులు బయటపడ్డాయి. ముందు మూల బిగించాడు, వెనక మూల లేచింది. వెనకది బిగించాడు, ముందుది లేచింది. ఇంకా బిగించవయ్యా అంటాడు పట్టాభిరామయ్య. పగుల్తది సారూ అంటాడు అతను.

జయలక్ష్మి స్టూలు మీద కూర్చుని చూస్తోంది. చూసి చూసి లేచింది.

"ఒక మూల చచ్చేట్టు బిగించి రెండో మూలకు పోతే ఎలా నాయనా? ఆవకాయ జాడీకి వాసెన కట్టడం చూళ్ళేదూ?"

"వాసెన అంటే ఏందమ్మా?"

చెప్పలేదు. చూపించింది. పక్కనున్న డబ్బా మూతి మీద ఉతికిన గుడ్డ పరిచి, చుట్టూ తాడు కట్టింది. ముందు వదులుగా... తనంతట తాను కూర్చోనిచ్చింది. అప్పుడు ఇటో లాగు, దానికి ఎదురుగా అటో లాగు. మళ్ళీ ఇటు కొంచెం, అటు కొంచెం.

ఆ వేళ్ళు చూడాలి.

లాగుతున్నట్టుండవు. బుజ్జగిస్తున్నట్టుంటాయి. గుడ్డ మీద ఒక్క ముడత లేదు. చీమ కాదు, గాలి కూడా అడిగి రావాలి.

వెంకటనారాయణ బోల్టులన్నీ వదులు చేశాడు. అద్దం పైకెక్కింది. ఆవిడ అరచేయి ఆనించి నిలబడింది... రబ్బరులో అద్దం ఒదిగేదాకా. తర్వాత అతను ఇటు కొంచెం బిగించాడు. ఎదురుగా కొంచెం. ఇటు. అటు.

తలుపు వేశాడు.

బియ్యం బస్తా నేలకు దించినట్టు, మెత్తటి చప్పుడు.

"సారూ, ఇగ నాకు ఫికర్ లేదు. దుకాణం అమ్మకిచ్చి ఊరికి పోత."

ఆవిడ నవ్వింది. పట్టాభిరామయ్య నవ్వలేదు. అసలు పరీక్ష రోడ్డు మీద.

రోడ్డెక్కారు. వేగం పెరిగింది. గాలి వచ్చింది, అద్దాన్ని తడుముకుంటూ ఆ చివరి దాకా పోయింది, దారి దొరక్క వెనక్కి జారింది.

మిషను ఆవిడ చెవిలోనే ఉంది.

ఆయన దగ్గర నెలల మాటలున్నాయి. అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చి, బస్సు తలుపు దగ్గర జనంలా ఇరుక్కుపోయాయి. చివరికి ఒక్కటే దిగింది. చిన్నగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా —

"బాగా కుదిరింది జయా."

ఆవిడ ముందుకే చూస్తోంది.

"మళ్ళీ చెప్పండి," అంది.

వినబడకా?

వినబడే, ఇంకోసారి వినాలనా?

అద్దం అవతల గాలి... పెదవులు సున్నా చుట్టి, ఈల మరిచిపోయి, పక్కనే పరుగెత్తుతోంది.