ముప్పై ఒకటో నంబరు జెర్సీ

మురికి కాని బట్టను ఉతకడం వట్టి చాదస్తమని మా ఆవిడ అంటుంది. మూడేళ్ళపాటు నా ఉద్యోగంలో నేను ఎక్కువ శ్రద్ధగా చేసిన పని అదే.

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టల గది నాది. క్లబ్బు దేశంలో పై డివిజన్ లీగులో ఆడుతుంది. పద్దెనిమిది జట్లు, సీజనుకి ముప్పై నాలుగు మ్యాచ్‌లు; ఆఖరి మూడు జట్లు కింది డివిజనుకి దిగిపోతాయి. ఎవరు గెలిచినా, ఎవరు దిగిపోయినా నా పని మారదు. ఆట అయ్యాక బుట్టలో పడ్డ జెర్సీలన్నీ తిరగేసి, బురదవాటిని చన్నీళ్ళలో నానబెట్టి, గడ్డి మరకలకి సబ్బు రాసి బ్రష్షుతో రుద్ది, మిషన్లో వేసి, ఆరేసి, ఎవరి నంబరు కొక్కేనికి వాళ్ళది తగిలించాలి.

అందులో ముప్పై ఒకటో నంబరు జెర్సీ మాత్రం ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చేది. అది రెండో గోల్‌కీపర్‌ది. మొదటి గోల్‌కీపర్‌ని అందరూ గోడ అంటారు. తొమ్మిదేళ్ళలో గోడ ఒక్క లీగు మ్యాచ్‌లో ఒక్క నిమిషం కూడా బయట కూర్చోలేదు. ఆ సంగతి పేపరువాళ్ళు ఏటా రాస్తారు, ఆ ముక్కలు కత్తిరించి వాళ్ళమ్మ దాచుకుంటుంది. గోడ నిలబడి ఉన్నంతకాలం రెండో అతను గీత బయట బెంచీ మీద ఉండాల్సిందే. అందుకని జట్టులోవాళ్ళు అతనికి బెంచీ అనే పేరు పెట్టేశారు. అలా పిలిస్తే అతను నవ్వుతూ పలికేవాడు.

అతను మా మేడ మీద వాటాలోనే అద్దెకుంటాడు, భార్యతో, ఆరేళ్ళ కూతురితో. నన్ను బాబాయ్ అంటాడు. ముప్పై మూడేళ్ళవాడిని మేడమీదబ్బాయి అనడం మా ఆవిడ మొదలుపెట్టింది, నాకూ అదే అలవాటైంది. మా క్లబ్బుకి వచ్చి మూడో సీజను. లీగులో ఇంతవరకు ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఈ సీజనుతో అతని ఒప్పందం అయిపోతుంది, ఆ పైన అంత పెద్ద లీగులోకి ఎవరూ పిలవరు.

"గెలవక్కర్లేదు బాబాయ్," అన్నాడు సీజను మొదట్లో, మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు మారుస్తూ. "ఒక్కసారి ఆ తెల్లగీత దాటి లోపలికి వెళ్తే చాలు. ఎన్ని గోల్స్ పడ్డా పర్లేదు."

"పడ్డా పర్లేదంటే కోచ్ ఊరుకుంటాడా?"

"అందుకేగా నీకు చెప్తున్నాను, ఆయనకి చెప్పకుండా."

అతని జెర్సీని కూడా నేను అందరివాటితోపాటే నానబెట్టి, సబ్బు రాసి ఉతికేవాడిని. పక్కన పెట్టేస్తే, నువ్వు ఆడలేదులే అని నేను కూడా అన్నట్టవుతుందని నా బాధ. అతనితో ఈ మాట ఎప్పుడూ అనలేదు.

ఇరవై మూడో మ్యాచ్ కుండపోత వానలో జరిగింది. జెర్సీలని బురదముద్దల్లా చేసి తెచ్చారు. అదే రోజు ఒక మిషను మొరాయించింది. మూడు రోజుల్లో మళ్ళీ మ్యాచ్. ఉన్న ఒక్క మిషనుతో కుస్తీ పడుతూ, ముప్పై ఒకటిని చేతిలోకి తీసుకుని చూశాను. మల్లెపువ్వులా ఉంది. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని మడతపెట్టి కొక్కేనికి తగిలించేశాను.

మ్యాచ్ రోజున అతను దాన్ని తల మీంచి తొడుక్కుంటూ మధ్యలో ఆగాడు. మొహం ఇంకా గుడ్డ లోపలే ఉంది.

"బాబాయ్, సబ్బు వాసన లేదు, ఇది ఉతకలేదు కదూ?"

"మురికేం లేదు కదా నాయనా."

"అవును," అన్నాడు తల బయటికి తీసి. "లేదు."

అంతే. కోపం లేదు, మాట తేడా లేదు. కాని ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆగకుండా పైకి వెళ్ళిపోయాడు. ఒక తిట్టు తిట్టినా నాకు తేలికగా ఉండేది.

రెండు రోజులకి అతని కూతురు నోటు పుస్తకం పట్టుకుని మా ఆవిడ దగ్గరికి వచ్చింది. బళ్ళో, మీ నాన్న ఏం చేస్తారు అని రాయమన్నారట. 'మా నాన్న కూర్చుంటాడు. చలి వేసినా కూర్చుంటాడు' అని రాసింది. టీచరు పక్కన మెచ్చుకోలుగా టిక్కు పెట్టింది. మా ఆవిడ చదివి నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నప్పుడు, రోజూ అడిగేవి అన్నీ పక్కన పెట్టి ఒక్కటే అడిగాను. స్వామీ, సీజను అయ్యేలోగా మేడమీదబ్బాయిని ఒక్కసారి ఆడించు. నాకు పైకి అడగడం అలవాటు. మా ఆవిడ వంటింట్లోంచి విన్నది.

"గోడ బాగుండగా ఆ అబ్బాయి ఎలా ఆడతాడండీ?"

"అది దేవుడు చూసుకుంటాడు."

"చూసుకోవడమంటే? గోడకి కాలో చెయ్యో విరగాలి. పొద్దున్నే లేచి, చన్నీళ్ళు పోసుకుని, మీరు అడుగుతున్నది అదే."

నిజమే. అలా అడగకూడదని లెంపలు వేసుకున్నాను. మరి ఎలా అడగాలి? ఒకరికి మేలు కోరితే మరొకరికి కీడు చుట్టుకునేలా ఉంటే, అసలు కోరికలన్నీ ఇంతేనా? ఆ రోజంతా అదే ఆలోచన.

ఆ వారమే సాధనలో బంతి తగిలి గోడ చూపుడువేలు వంకాయలా వాచింది.

నేను ఆ కబురు విన్నప్పుడు చేతిలో సబ్బు ఉంది. కడుక్కోకుండానే పరుగెత్తాను. గోడ మర్దనా బల్ల మీద కూర్చుని, వేలు ఐసు నీళ్ళ మగ్గులో ముంచుకుని ఉన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

"ఇది నా వల్ల జరిగింది," అన్నాను.

"బంతి కొట్టింది నువ్వా, పెద్దాయనా?"

"కాదు. నేను దేవుణ్ణి అడిగాను."

ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ఉతకని జెర్సీ సంగతి, బళ్ళో పిల్ల రాసింది, నా కోరికకి అర్థం మా ఆవిడ చెప్పేదాకా నాకు తట్టకపోవడం. గోడ మొదట నవ్వాడు. బల్ల కదిలేలా నవ్వాడు.

"నీ దేవుడి గురి మన ఫార్వర్డ్ గురిలాగే ఉంది. వేలిదేముంది, ప్లాస్టరు చుట్టుకుని ఆడేస్తాను. కాలు అడగాల్సింది."

"తప్పు బాబూ, అలా అనకు."

"సరే, అనను." మగ్గులో వేలు తిప్పాడు. "వాడికి అంత దిగులుందా? ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడే."

"కూర్చునేవాడు నవ్వకపోతే పక్కన ఎవరు కూర్చుంటారు?"

గోడ వేలు పైకి తీసి చూసుకుని మళ్ళీ మగ్గులో ముంచాడు. ఆ శనివారం వేలికి ప్లాస్టరుతో తొంభై నిమిషాలూ ఆడాడు. ఆ తరవాతి మ్యాచ్‌లన్నీ ఆడాడు. నేను ముప్పై ఒకటిని మళ్ళీ ఎప్పుడూ ఉతకకుండా వదల్లేదు. మేడమీదబ్బాయి ఒకరోజు కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా వైపు చూసి, మళ్ళీ మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. దేవుణ్ణి మాత్రం నేను ఆ విషయం ఇంకేమీ అడగలేదు. ఆయన ముందు కూర్చుని, నీకు తెలుసుగా అని ఊరుకునేవాడిని.

ఆఖరి మ్యాచ్ మా మైదానంలోనే. మా జట్టు పదో స్థానం, అవతలి జట్టు పదకొండు. ఎవరికీ పైకెక్కే ఆశ లేదు, దిగిపోయే భయం లేదు. మధ్యాహ్నపు ఎండ, ముందురోజు వాన, గోలు ముందర గడ్డి లేచిపోయి చిత్తడి. నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు అందించాలి కనక నేను బెంచీ వెనకే నిలబడ్డాను. చెరో గోలు కొట్టారు. బెంచీ మీద అతను గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్నాడు, ఎప్పటిలాగే. గ్లవ్స్ తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకోవడం తప్ప ఇంకేం మిగల్లేదని నాకు అనిపించింది.

డెబ్బై తొమ్మిదో నిమిషంలో బంతి అవతలి సగంలో ఉండగా, మా గోలు ముందు గోడ నెమ్మదిగా కింద కూర్చున్నాడు. ఎడమ పిక్క పట్టుకుని చెయ్యెత్తాడు. తొమ్మిదేళ్ళలో ఆ మనిషి కూర్చోవడం ఎవరూ చూడలేదు. డాక్టరు పరుగెత్తుకెళ్ళి వంగి ఏదో అడిగి, లేచి, కోచ్ వైపు చూసి, మనిషిని మార్చమన్నట్టు చేతులు తిప్పాడు. కోచ్ గోడనే చాలాసేపు చూశాడు. తరవాత తల తిప్పకుండానే అన్నాడు.

"బెంచీ, లే."

మేడమీదబ్బాయి లేచాడు. పైన వేసుకున్న కోటు విప్పబోతే రాలేదు. మూడేళ్ళుగా ముందు గ్లవ్స్ తొడుక్కుని కూర్చోవడమే అలవాటు. కోటు విప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి. గ్లవ్స్‌తో జిప్పు దొరకదు, చేతులు కోటు చేతుల్లోంచి బయటికి రావు. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. నేను బెంచీ దాటి వెళ్ళి జిప్పు లాగి, ఒక్కో చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలకి స్వెట్టరు విప్పినట్టు విప్పాను.

"బాబాయ్, గీత ఎక్కడ దాటాలి?"

"అదిగో, తెల్లగా కనబడుతోందిగా. పద."

గీత దగ్గర గోడ ఎదురొచ్చాడు. కుంటుతూనే వచ్చాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు, నాకు వినబడలేదు. గోడ అతని తల మీద చెయ్యి వేసి, లోపలికి తోశాడు.

మొదటి బంతిని పిడికిలితో కొట్టి పంపాడు. రెండోదానికి పక్కకి దూకి, బురదలో పొడుగ్గా పడి, పొట్టకి అదుముకున్నాడు. జనం లేచి నిలబడ్డారు. తొంభయ్యో నిమిషంలో మూడో బంతి, అతను మళ్ళీ దూకి పడినా, వేళ్ళు తాకి లోపలికి వెళ్ళిపోయింది. ఒకటి రెండుతో ఓడిపోయాం. అతను వల లోంచి బంతి తీసి, ఒక్క క్షణం దాన్ని పట్టుకు చూసి, మధ్యకి తన్నాడు.

నేను ఐసు బకెట్టు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఏ కాలు బాబూ?"

"నేను ఏ కాలు పట్టుకున్నాను?"

"ఎడమది."

"అయితే ఎడమదే," అని ఐసు ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. వాళ్ళమ్మ దాచుకునే కాగితాల్లో ఆ ఏడాదిది ఉండదు.

మర్నాడు దేవుడి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. విన్నది ఆయనా, గోడా? గోడ చేసింది అబద్ధమే కదా, దాన్ని ఏమనాలి? దణ్ణం పెట్టి లేచాను.

ఆ ఒక్క జెర్సీ ఇంటికే తెచ్చుకున్నాను. పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని నానబెడితే బురదకి నీళ్ళు ఎర్రగా మారాయి.

"ఇన్నాళ్ళకి సబ్బుకి పని దొరికింది," అంది మా ఆవిడ.

మేడ మీంచి పిల్ల దిగి వచ్చి తొట్టి పక్కన చతికిలబడింది.

"నాన్న పడ్డాడు తాతయ్యా. చూశావా?"

"చూశాను."

"రెండుసార్లు పడ్డాడు. ఒక బంతి లోపలికెళ్ళిపోయింది."

"అదీ చూశాను."

బురద పోయింది, మైదానం గీత తాలూకు సున్నపు మరక పోయింది. మోచేతి దగ్గర గడ్డి పచ్చదనం మాత్రం మిగిలింది. పిల్ల వేలితో దాన్ని ముట్టుకుని చూసింది.

"ఇది కూడా పోతుందా?"

"గట్టిగా రుద్దితే పోతుంది."

"అయితే రుద్దకు," అంది.

నేను బ్రష్షు పక్కన పెట్టి, జెర్సీని అలాగే తీగ మీద ఆరేశాను.