వగిమన్ మొదటి మంగళవారం

పొయ్యి మీద పులియబెట్టిన సోయా గింజల తెంపే ముక్కలు చిటపటమని వేగుతుంటే వగిమన్ యూనిఫారం గుండీలు పెట్టుకుంటున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. హారన్ నొక్కి నొక్కి కుడి బొటనవేలు కాయ కాసింది. జావాలో ఇరవై ఆరేళ్ళుగా రైలు నడుపుతున్నాడు. ఇన్నేళ్ళలో గొంతు పెంచి మాట్లాడింది లేదు.

"రాత్రంతా నా పాదాన్నే తొక్కావయ్యా! నేనేమన్నా నీ ఇంజన్లో బ్రేకునా?" అంది భార్య తుమిని, వేడి ముక్కొకటి అతని నోట్లో పెడుతూ.

మామూలుగా అయితే నవ్వేవాడే.

"ఇవాళ సంతకం పెట్టించుకొస్తా. మధ్యాహ్నం బండి నాదే," అన్నాడు.

ఆరు వారాల క్రితం, దించిన గేటు కింద నుంచి ఒక కుర్రాడు మోటార్ సైకిల్‌తో వగిమన్ బండికి ఎదురుగా దూరి చనిపోయాడు. ఆ రోజు నుంచి రైల్వేవాళ్ళు వగిమన్‌ని ఇంట్లో కూర్చోబెట్టారు. మళ్ళీ ఇంజన్ ఎక్కాలంటే కౌన్సెలర్ సంతకం కావాలి.

కౌన్సెలర్ రెత్నో గదిలో రెండు కుర్చీలు ఐమూలగా వేసి ఉన్నాయి. తలుపు ఓరగా తెరిచి ఉంది. కిటికీలో ఎండ బెల్లం రంగులో పడుతోంది. వగిమన్ నిటారుగా కూర్చుని నాలుగు పేజీల వాంగ్మూలం ముందుకు జరిపాడు. వేగం, హారన్ మోగించిన సమయం, బ్రేకు వేసిన సమయం, అన్నీ అందులో ఉన్నాయి. పోలీసులకి, ఆఫీసుకి, బీమావాళ్ళకి కలిపి ఇప్పటికి తొమ్మిదిసార్లు అప్పజెప్పాడు.

ఆమె కాగితాలు ముట్టుకోలేదు.

"ఆ సంగతి ఇవాళ చెప్పక్కర్లేదండీ. మీరు ఆపమంటే ఆపుతాను. వెళ్ళాలనిపిస్తే తలుపు తీసే ఉంది. వచ్చారా లేదా అన్న ఒక్క ముక్కే మీ ఆఫీసుకి చెప్తాను. నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"ఎలా?"

"ఎలా ఏంటమ్మా? సంగతే వినకుండా సంతకం ఎలా పెడతారు?"

"ఇవాళ పెట్టనండీ. ఎనిమిది వారాలు చూద్దాం."

వగిమన్ చెవులు వేడెక్కాయి. లేచి నిలబడ్డాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేనేం తప్పు చేశానని? గేటు వేసుంది, హారన్ కొట్టాను. నా మొహం చూసి మరీ దూరాడు వాడు! మూడో రోజు ఆఫీసువాళ్ళు నన్ను వాళ్ళింటికి పంపారు. గుమ్మంలో చేతులు జోడించి, ఏమన్నా తప్పుంటే క్షమించండి అన్నాను. అంటాం కదమ్మా! చావింటికెళ్ళినా, పెళ్ళింటికెళ్ళినా అంటాం! దాన్ని ఎవడో ఫోన్లో తీసి, డ్రైవర్ తప్పు ఒప్పుకున్నాడని ఊరంతా పంచాడు. పచ్చిమిరపకాయలు కొంటుంటే, ఇవాళెవర్ని గుద్దావు అంటారు నన్ను! చచ్చినవాడి మీద నాకు కోపం! వాడి మీదే!"

చచ్చినవాణ్ణి అలా అనకూడదు. ఆమె వారిస్తుందని ఎదురుచూశాడు.

"ఇంకా?" అందామె.

అతను కూర్చున్నాడు. కాగితాలు మడుస్తూ అన్నాడు. "ఇరవై రెండేళ్ళు కూడా లేవు వాడికి, గాడిద."

వెళ్ళేటప్పుడు ఆమె చెప్పింది. "ఇవాళ ఒళ్ళు బరువుగా ఉండొచ్చు. కలలు ఎక్కువ కావచ్చు. భయపడకండి. మంగళవారం రండి."

స్టేషన్‌లో డ్యూటీలు రాసే సరొనో అతన్ని చూడగానే కేకేశాడు. "రా రా దొరా! పిచ్చి లేదని రాసిచ్చిందా?" మూత ఉన్న గ్లాసులో పటికబెల్లం వేసిన మల్లెపూల టీ తెచ్చి, కుర్చీ చూపించి ముందు పెట్టాడు.

"ఇవ్వలేదు."

సరొనో అటూ ఇటూ చూశాడు. "కాగితం రేపు తెద్దువులే. బండి ఎక్కెయ్. పై మనిషితో నే మాట్లాడతా. నీకంటే బాగా ఎవడు తోల్తాడు?"

పట్టాల మీద ఇంజన్ గురగురలాడుతోంది. వగిమన్ కుడికాలు దానంతటదే నేలను నొక్కుతోంది. చేత్తో మోకాలు పట్టుకున్నా ఆగలేదు.

"వద్దు. నా పేరు కొట్టెయ్."

"ఎన్నాళ్ళకి?"

"ఎనిమిది మంగళవారాలకి."

"ఆ తర్వాత?"

"నన్నడుగుతావేంట్రా? నాకేం తెలుసు!"

సరొనో అతని పేరు మీద గీత కొట్టాడు. రెండూ నలభైకి బండి కదిలింది. నడిపేది వేరేవాడు. ఆఖరి పెట్టె దాటాక సరొనో తల తిప్పేసరికి వగిమన్ కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద గ్లాసుకి పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. టీ అడుగున పటికబెల్లం ముక్క ఇంకా కరుగుతోంది.