రెండో వైపు

అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చెయ్యి ఇది. తప్పులుంటే సర్దుకుని చదవండి. మెల్లగా రాశాను, మీరూ మెల్లగానే చదవండి.

నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టిన తాడును ఒక కుదుపుతో పైకి జరిపి, బూట్లకు కట్టుకున్న ఇనుప ముళ్ళు బెరడులో దించి, ఆయన ఇంకాస్త పైకి ఎక్కాడు. రాత్రి వానకు మాను నల్లగా తడిసి ఉంది. ఆరితే రబ్బరులా గట్టిపడే పాలు ఈ పాలచెట్టుకు వానాకాలంలోనే దిగుతాయి. కత్తితో ఏటవాలుగా గాటు పెట్టాడు. గాటు అంచున తెల్లటి చుక్కలు పుట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, కింది గాటులోకి జారి, మాను మొదలు దగ్గర కట్టిన, కారకుండా ఆ పాలే పూసి ఆరబెట్టిన గుడ్డసంచిలో పడసాగాయి.

తోటివాళ్ళు ఆయన్ని 'సగం' అని పిలిచేవారు. మాను చుట్టూ గీయకుండా ఒక సగమే గీసి దిగిపోతాడని ఆ పేరు. చుట్టూ గీస్తే చెట్టు చస్తుంది. సగం వదిలితే కొన్నేళ్ళకు గాట్లు పూడి, మళ్ళీ పాలిస్తుంది. ఆ సంగతి ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, పాటించే ఓపికే ఎవరికీ లేదు. "మా సగం గడ్డం కూడా ఒక చెంపే గీసుకుంటాడు" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

ఈ చెట్టు తూర్పు వైపు గాట్లు ఆయన పెళ్ళయిన కొత్తలో పెట్టినవి. పడమటి వైపువి, బిడ్డ పుట్టి పోయిన ఏటివి. ఇప్పుడు తూర్పు పూడి మళ్ళీ గాటుకు వచ్చింది. పాత మచ్చల మీద బెరడు ఉబ్బి, ముసలి చేతి నరాల్లా వేళ్ళకు తగులుతోంది. పొద్దున్నుంచీ తన ఎడమ చెయ్యి లాగుతున్న సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆవిడ బూట్లు దాచేస్తుంది.

కింద మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు.

"సగం బావా, వినిపిస్తోందా?"

"చెవులు రెండూ ఉన్నాయి. చెప్పు."

"ఈ వరస చెట్లన్నీ కలపకి ఇచ్చేశారు. వచ్చే వారం రంపాలొస్తాయి. చుట్టూ గీసేసి, ఉన్న పాలన్నీ దింపెయ్."

"కొట్టేదాకా బతికే ఉంటుంది కదా."

"అయితే ఒళ్ళో కూర్చోబెట్టుకుని జోలపాడు. నువ్వు గియ్యకపోతే ఇంకొకడు గీస్తాడు. పాలు ఆరబెట్టే పాకలో వాడి పెళ్ళాం కూర్చుంటుంది, అక్క మళ్ళీ రాళ్ళు మోస్తుంది. ఆవిడ మోకాళ్ళ సంగతి నేను చెప్పాలా?"

మేస్త్రీ చెడ్డవాడేం కాదు. పైవాళ్ళ మాట కిందికి చేరవేసే మనిషి. అతను వెళ్ళాక కూడా ఆయన తాడు మీద బరువు వేసి అలాగే ఉండిపోయాడు. పాకలో నీడ ఉంది, కూర్చోడానికి పీట ఉంది. మెట్లు దిగేటప్పుడు ఆవిడ గోడ పట్టుకునే తీరు కళ్ళ ముందు మెదిలింది. దిగి, మానుకు అటువైపు వెళ్ళి, మళ్ళీ ఎక్కాడు. మొదటి గాటు దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత ఆ వరస అయ్యేదాకా ఆగలేదు.

పాకలో ఆవిడ వెడల్పాటి చెక్కతొట్టి తుడిచి పెట్టి ఉంచింది. అందులో పోసిన పాలు గాలికి మీగడ కడితే, ఆ పొరను ఎత్తి దండెం మీద ఆరవేయడం ఆవిడ పని. ఆయన మోసుకొచ్చినవి పోస్తూనే ఉన్నాడు. తొట్టి అంచులదాకా నిండింది.

"ఇన్ని పాలేంటి ఇవాళ?"

"వాన పడిందిగా."

"వాన నిన్నా పడింది." ఆయన ముఖంలోకి చూసింది. "రెండో వైపూ గీశావా?"

"రంపాలొస్తాయంట."

"వస్తే రానీ. నిన్నెవరు గియ్యమన్నారు?"

"మరి రాళ్ళు మోస్తావా?"

"నన్నడిగితే మోసేదాన్ని." అంతలోనే గొంతు తగ్గించింది. "సరే, కూర్చో. ముఖం పీక్కుపోయింది. నీళ్ళు తాగు."

ఆయన నీళ్ళు తాగి, గుంజకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. ఆవిడ కోపంగా ఉన్నట్టు అటు తిరిగి కూర్చుంది. పొద్దు వాలేసరికి, ఎప్పుడూ లేనంత మందంగా కట్టింది మీగడ. అంత పొర ఒక్కరే ఎత్తితే మధ్యకి చిరుగుతుంది.

"లేవయ్యా, ఆ కొస పట్టుకో. తోలులా వచ్చింది."

తన వైపు మూల ఎత్తి పట్టుకుని చూసింది.

"అలిగావా ఏంటి? నేనేమన్నాననీ."

ఆయన గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. ఒళ్ళో వెల్లకిలా పడిన అరచేతి గీతల్లో పాలు ఎండి తెల్లగా ఉన్నాయి. ఆవిడ ఆ మూలను ఇంకాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత చప్పుడు కాకుండా వదిలింది. మళ్ళీ పిలవలేదు.

రంపాలు ఆ వారం రాలేదు. ఆ ఏడాదంతా రాలేదు. ఆ వరస చెట్లన్నీ నిలబడే ఎండిపోయాయి. దించడానికి పాలు లేక పాక మూతపడింది, ఆవిడ రాళ్ళ పనికి వెళ్ళింది. తొట్టి అక్కడే ఉండిపోయింది. అందులో పొర అట్టలా గట్టిపడింది, ఒక్క మూల మాత్రం, ఎత్తి వదిలినట్టే, పైకి మడత పడి ఉంది.

— ఆయన భార్య. వయసు డెబ్బై రెండు. ప్రస్తుతం చెల్లెలి ఇంట్లో, వెనక గదిలో నివాసం.