నాన్నకు జామకాయ ముక్క

నాన్న పళ్ళన్నీ పీకించుకున్నాక అమ్మ కూడా జామకాయ తినడం మానేసింది. కొల్లూరు లంకలో అరటితోట పని చేసుకుంటూ ఇద్దరూ ఒకే కాయ కొరుక్కుని తినేవాళ్ళు. ఇప్పుడెందుకు తినవని అడిగితే, దగ్గొస్తుందంటుంది.

అందుకే జేబులో పట్టే మడత చాకు కొందామని తెనాలి వెళ్ళాను. సంచిలో రెండు దోర జామకాయలు వేసుకున్నాను.

"చాకు కొంటానికి కాయలెందుకమ్మా?" అన్నాడు కొట్టాయన.

"కోసి చూస్తానండి."

ఆయన ముందు చూపించింది దిట్టంగా ఉంది. అంచు పదునే గానీ రేకు మందం. సగం దిగేసరికి కాయ పగిలి రెండు చెక్కలైంది. రెండోదాని రేకు పలుచన. దాంతో తమలపాకంత పలుచటి ముక్క తెగింది. మడత కూడా గోరు ఆనిస్తే చాలు, తెరుచుకుంటుంది. అదే తీసుకున్నాను.

తోటలో నాన్నకు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చాకు చేతికివ్వకూడదే. కింద పెట్టు, తీసుకుంటా. లేకపోతే గొడవలొస్తాయి."

"ఇప్పుడేదో లేనట్టు," అంది అమ్మ.

అరటాకు మీద పెట్టాను. నాన్న తీసుకుని కాయ కోసి, మొదటి ముక్క అమ్మకిచ్చాడు.

"నాకు దగ్గొస్తుంది. ముందు మీరు తినండి."

నాన్న ఆ ముక్కను చిగుళ్ళ మధ్య పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. ఆయన మింగేదాకా అమ్మ ఆయన నోటి వంకే చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"నాకు కాస్త మందంగా కొయ్యండి. పళ్ళున్నాయిగా."